ఎవరు ఆపారో ముందు తేల్చండి



ఎండలు ముదిరాయంటే నాకొచ్చే ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. "ఏమీ నొక్కకుండానే సిస్టమ్ ఆరిపోయి దానంతటదే మళ్లీ ఆన్ అవుతోంది. షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టాలన్నారు. కొట్టించాం. నాలుగు రోజులు బాగానే ఉంది, మళ్లీ మొదలైంది." ఊరు మారుతుంది, పేరు మారుతుంది, కథ మాత్రం ఇదే. అందుకని ఈసారి విడివిడిగా జవాబులు రాయకుండా అందరికీ కలిపి రాస్తున్నాను.

ఫార్మాట్ మీద నా కోపం ముందే వెళ్లగక్కుతాను. కాలు విరిగినవాడికి చొక్కా మార్చినట్టుంటుంది చాలాసార్లు ఆ వైద్యం. ఫొటోలు పోతాయి, టాలీ డేటా పోతుంది, ప్రింటర్ డ్రైవర్ మళ్లీ వెతుక్కోవాలి. జబ్బు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఫార్మాట్ వద్దని కాదు, అది వరసలో ఆఖరున రావాలి. వరసలో మొదటిది ఒక చిన్న ప్రశ్న: సిస్టమ్‌ను ఆపిందెవరు?

ఆపేవాళ్లు ఇద్దరే. ఒకరు విండోసే. లోపల ఏదో ఘోరం జరిగింది, ఇంకా నడిస్తే ఫైళ్లు పాడవుతాయనుకున్నప్పుడు అది తనను తాను ఆపేసుకుంటుంది. బ్లూ స్క్రీన్ అంటామే, అది. (2025లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో ఆ నీలిరంగు తీసేసి నలుపు పెట్టింది. మనం మాత్రం బ్లూ స్క్రీన్ అనే అంటాం లెండి.) రెండో రకంలో విండోస్‌కు చెప్పాపెట్టకుండా కరెంటు ఆగిపోతుంది. మొదటి రకంలో విండోస్ పోతూపోతూ ఒక కోడ్ రాసి పెట్టుకుంటుంది. రెండో రకంలో రాసుకునే వ్యవధి ఉండదు. చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. కారణం ఏమిటంటే, బ్లూ స్క్రీన్ వచ్చిన మరుక్షణం రీస్టార్ట్ అయ్యేలా విండోస్‌లో ముందే టిక్ పెట్టి ఉంటుంది. మనం అటు చూసేలోపే అది పోయి కంపెనీ లోగో వచ్చేస్తుంది.

ఆ టిక్ తీసేయడమే మొదటి పని. స్టార్ట్‌లో 'అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' అని ఇంగ్లీషులో కొట్టి తెరవండి. 'స్టార్టప్ అండ్ రికవరీ' కింద సెట్టింగ్స్ నొక్కితే 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' అని ఉంటుంది. టిక్ తీసి ఓకే కొట్టండి. ఇకమీదట విండోసే ఆపితే తెర అలాగే నిలబడి ఉంటుంది. తాపీగా ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. అలా నిలబడకుండా మళ్లీ ఠక్కున ఆరిపోయిందంటే విండోస్ మీద నింద వేయకండి.

ఇప్పటికే జరిగిపోయిన రీస్టార్ట్‌ల సంగతి తెలియాలంటే ఈవెంట్ వ్యూయర్ ఉంది. స్టార్ట్‌లో ఆ పేరు కొట్టండి. ఎడమవైపు 'విండోస్ లాగ్స్', దాని కింద 'సిస్టమ్'. కుప్పలుతెప్పలుగా లైన్లు, మధ్యమధ్య ఎర్రగుర్తులు కనిపిస్తాయి. వాటిని చూసి బెంబేలెత్తకండి. నిక్షేపంలాంటి సిస్టమ్‌లోనూ అవి ఉంటాయి. మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామని ఫోన్లు చేసే మోసగాళ్లు ఇవే ఎర్రగుర్తులు చూపించి భయపెట్టి డబ్బు గుంజుతారు. మనకు కావలసింది 41 అనే నంబరు ఒక్కటే. కుడివైపు 'ఫిల్టర్ కరెంట్ లాగ్' నొక్కి 41 అని ఇస్తే 'కెర్నల్ పవర్' పేరుతో ఉన్న లైన్లు మాత్రం మిగులుతాయి. సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండా పోయి, మళ్లీ లేచిందని వాటి అర్థం.

ఒక్కొక్కటీ తెరిచి 'డీటెయిల్స్' ట్యాబ్‌లో 'బగ్‌చెక్ కోడ్' చూడండి. అక్కడ సున్నా ఉంటే విండోస్ ఏమీ రాసుకోలేకపోయిందన్నమాట. కరెంటు వైపు, యూపీఎస్ వైపు, ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె) వైపు వెళ్లాలి. ఒక మెలిక ఉంది: సిస్టమ్ బిగుసుకుపోయి మీరే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా సున్నాయే కనిపిస్తుంది. కింద 'పవర్ బటన్ టైమ్‌స్టాంప్' దగ్గర పెద్ద అంకె ఉంటే ఆపింది మీ వేలే. బగ్‌చెక్ కోడ్ దగ్గరే ఏదైనా అంకె ఉంటే మాత్రం పని సులువు. 26 ఉంటే మొదట ర్యామ్‌ను అనుమానించండి. 209 అయితే ఏదో డ్రైవర్. 278 గ్రాఫిక్స్ గోల. 292 వచ్చిందంటే ప్రాసెసరో, బోర్డో, వాటికి అందే కరెంటో, మొత్తానికి హార్డ్‌వేర్ మొరపెట్టుకుందని.

41 అసలు లేకుండా 1074 అనే నంబరు ఉంటే నెత్తి పట్టుకోవాల్సిన పని లేదు. ఏ ప్రోగ్రామ్ రీస్టార్ట్ చేయమందో ఆ లైన్లోనే రాసి ఉంటుంది, సాధారణంగా అది విండోస్ అప్‌డేటే. సెట్టింగ్స్‌లో 'యాక్టివ్ అవర్స్' మీరు పనిచేసే వేళలకు మార్చుకుంటే తీరిపోతుంది.

ఇక సున్నా వచ్చినవాళ్ల సంగతి. మన ఊళ్లలో ఎక్కువమంది ఈ గుంపులోనే ఉంటారని నా నమ్మకం. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారు. అమెరికాలో ఉన్న మనవడితో పొద్దున్నే వీడియో కాల్ మాట్లాడుతుంటే సరిగ్గా మధ్యలో సిస్టమ్ పోతోంది. ఇంటర్‌నెట్ వాళ్లను తిట్టారు, కొత్త కెమెరా కొందామనుకున్నారు.

"ఏమోయ్, వీడియో కాల్ బరువుకు ఇది తట్టుకోలేకపోతోందంటావా?" అన్నారు.

41లు వరసగా చూశాను. అన్నీ ఉదయం ఆరున్నర ప్రాంతంలోవే, బగ్‌చెక్ కోడ్ అన్నిటికీ సున్నాయే. అయితే కాల్ మాట్లాడని రోజుల్లోనూ ఉన్నాయి.

"మాస్టారూ, ఆ టైములో ఇంట్లో ఇంకేమేం నడుస్తుంటాయండీ?" అన్నాను.

ఆయన ఆలోచిస్తుండగానే వంటింట్లోంచి ఆయన భార్య అందుకున్నారు: "ట్యాంకు నింపడానికి మోటారు వేసేది అప్పుడేగా బాబూ!"

మోటారు నడిచేటప్పుడు లాగే కరెంటుకు, స్టార్ట్ అయ్యే క్షణంలో లాగే కరెంటుకు పొంతనే ఉండదు. ఆ క్షణంలో ఇంట్లో వోల్టేజీ ఒక్కసారి కుంగుతుంది. లైటు రెప్పపాటు మసకబారి సర్దుకుంటుంది కాబట్టి కరెంటు పోలేదనే అంటారు అందరూ. యూపీఎస్ అలా అనుకోదు. కరెంటు పోయిందనే లెక్కేసుకుని 'టిక్' మని బ్యాటరీ మీదికి మారుతుంది. మాస్టారి యూపీఎస్ తెరిస్తే లోపల బ్యాటరీ పక్కలు ఉబ్బి, పెట్టెలోంచి బయటికి రానని మొండికేసింది. దాంట్లో చేవ ఎక్కడిది? యూపీఎస్ దానిమీదికి మారగానే సిస్టమ్ చతికిలపడేది. తమాషా ఏమిటంటే, ఆ యూపీఎస్ లేకుండా నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి ఉంటే బహుశా ఏమీ అయ్యేది కాదు. ఇప్పటి మంచి ఎస్ఎంపీఎస్‌లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా సర్దుకుపోతాయి. చచ్చిన బ్యాటరీ ఉన్న యూపీఎస్ కంటే యూపీఎస్ లేకపోవడమే మేలు.

ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లో ఉండేది మామూలుగా 12 వోల్టులు, 7 యాంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ. మన ఎండలకు రెండు మూడేళ్లు వస్తే గొప్ప. ఎప్పుడు కొన్నారో గుర్తులేదంటే, మార్చే వేళ అయిందనే లెక్క. పరీక్షించాలంటే సిస్టమ్ తీసేసి, యూపీఎస్‌కు పాతకాలపు వంద వాట్ల బల్బు ఒకటి పెట్టి, గోడ స్విచ్ ఆపండి. బల్బు నిలకడగా కొన్ని నిమిషాలు వెలగాలి. వెంటనే పోయిందా, బ్యాటరీ కొత్తది తెచ్చుకోండి. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించినవాళ్లు ఇవాళే తీసేయండి. ప్రింట్ ఇవ్వగానే దాని లోపలి హీటర్ వేడెక్కడానికి లాగే కరెంటు ఈ చిన్న యూపీఎస్‌లు మోసేది కాదు. "ప్రింట్ కొడితే సిస్టమ్ రీస్టార్ట్ అవుతోంది, వైరస్సా?" అని అడిగినవారికి ఇదే జవాబు.

యూపీఎస్ తీసేసి ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఇన్వర్టర్ వెనకో పక్కనో చిన్న స్విచ్ ఉంటుంది చూడండి, ఒకవైపు 'యూపీఎస్' అనీ ఇంకోవైపు 'నార్మల్' అనో 'ఎకో' అనో రాసి ఉంటుంది. బిగించిన మనిషి దాన్ని ఎలా వదిలేసి వెళ్లాడో అలాగే ఉంటుంది, ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు, అంటే ఒక్కో సైకిల్ 20 మిల్లీసెకన్లు. కరెంటు ఆగినా ఎస్ఎంపీఎస్ తనలో దాచుకున్న దాంతో సిస్టమ్‌ను నిలబెట్టేది సుమారు 16 మిల్లీసెకన్లే. స్విచ్ యూపీఎస్ వైపు ఉంటే ఇన్వర్టర్ పది మిల్లీసెకన్ల అటూఇటుగా మారిపోతుంది కాబట్టి సిస్టమ్ బతుకుతుంది. నార్మల్ వైపు ఉంటే 40 దాకా పట్టొచ్చు. ఫ్యానుకు, ట్యూబ్‌లైటుకు ఆ తేడా తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది. పైగా నార్మల్‌లో వోల్టేజీ బాగా పడిపోయినా ఇన్వర్టర్ బ్యాటరీకి మారకుండా ఆ నీరసపు కరెంటునే లోపలికి పంపిస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రీస్టార్ట్ అవుతోందని రాసినవాళ్లందరూ ఆ స్విచ్ ఒకసారి చూడండి. పైసా ఖర్చు లేదు.

యూపీఎస్, ఇన్వర్టర్ బాగున్నాయి, అయినా సున్నాయే అంటే క్యాబినెట్ వెనక్కి వెళ్లండి. ఎస్ఎంపీఎస్‌లోకి వెళ్లే నల్ల తాడు వదులుగా ఉందేమో గట్టిగా నొక్కండి. నవ్వకండి, చీపురు తగిలి ఊగే ప్లగ్గుల వల్ల వచ్చే తంటాలు ఇన్నీ అన్నీ కావు. స్పైక్ బస్టర్ మార్చి, నేరుగా గోడకు పెట్టి ఒకరోజు చూడండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్తింగ్ లేదన్నమాట. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టి ఉంటే తీసేసి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అది రీస్టార్ట్‌కు మించిన ప్రమాదం.

ఇంకొకటి, షాపుల్లోనూ అంతగా పట్టించుకోనిది: రీసెట్ బటన్. క్యాబినెట్ ముందు పవర్ బటన్ కింద చిన్నగా ఉంటుంది. ఏళ్ల తరబడి దుమ్ము, చెమ్మ చేరి అది లోపలికి అతుక్కుపోతే, క్యాబినెట్ కదిలినప్పుడల్లా మీరు నొక్కినట్టే లెక్క. లోపల ఆ బటన్ నుంచి మదర్‌బోర్డుకు రెండు సన్నటి వైర్లు, కొసన 'రీసెట్' అని రాసిన చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటాయి. సిస్టమ్ ఆపి, ప్లగ్గు తీసి, ఆ ముక్క పీకేయండి. రీసెట్ బటన్ లేకపోతే ఏ పనీ ఆగదు. రీస్టార్ట్‌లు ఆగిపోతే దొంగ దొరికినట్టే.

గేమ్ పెట్టగానే, వీడియో ఎడిటింగ్ మొదలెట్టగానే పోతోందంటే ఎస్ఎంపీఎస్ మీద అనుమానం పెరుగుతుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే వాటి మీద 450 వాట్లు, 500 వాట్లు అని ఘనంగా రాసి ఉంటుంది. ఆ రాతను నేను నమ్మను. మల్టీమీటర్ పట్టుకోవడం తెలిసినవాళ్లు సిస్టమ్ పనిలో ఉండగా పసుపు వైరుకు, నల్ల వైరుకు మధ్య చూడండి. 12 వోల్టులుండాలి, అయిదు శాతం అటూఇటూ పర్వాలేదు. అంటే 11.4కు దిగువన చూపిస్తే అది మార్చాల్సిందే. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. దాంట్లో బల్లి దూరి చచ్చి ఉందని అనుమానమొచ్చినా సరే, అది మెకానిక్ పనే. పాత బోర్డులున్నవాళ్లు టార్చి వేసి ప్రాసెసర్ చుట్టూ ఉన్న గుండ్రటి కెపాసిటర్ల తలలు చూడండి. పైన చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా బోర్డుకు కాలం దగ్గర పడింది. 2000 దశకం మొదట్లో ప్రపంచమంతా నాసిరకం కెపాసిటర్లు వచ్చి బోర్డులు గుట్టలుగా పోయాయి. ఆ కాలపు సిస్టమ్‌ను ఇంకా నడుపుతున్న మహానుభావులు నా పాఠకుల్లో ఉన్నారని తెలిసే చెబుతున్నాను.

వేడి సంగతి. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు నూరు డిగ్రీల దగ్గరికి రాగానే వేగం తగ్గించుకుంటాయి. ఇంకా పెరిగితే తమను కాపాడుకోవడానికి సిస్టమ్‌ను ఆపేస్తాయి. గమనించాల్సింది ఏమిటంటే, వేడికి పోయిన సిస్టమ్ సాధారణంగా ఆరిపోయి అలాగే ఉంటుంది. వెంటనే ఆన్ చేస్తే ఈసారి ఇంకా తొందరగా పోతుంది, అరగంట వదిలేస్తే కాసేపు నడుస్తుంది. ఇలా జరుగుతుంటే లోపల చూడండి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గది వేడే నలభై దాటుతుంటే, చలికాలంలో సర్దుకుపోయిన దుమ్ము అప్పుడు సర్దుకుపోదు. క్యాబినెట్ పక్క తలుపు తీసి, ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద హీట్‌సింక్ రేకుల మధ్య చూస్తే కంబళి ముక్క పరిచినట్టు దుమ్ము కనిపిస్తుంది. పెయింటింగ్ బ్రష్‌తో, బ్లోయర్‌తో తీయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. ఇంటెల్‌తో వచ్చే ఫ్యాన్‌కు నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. ఇల్లు మారినప్పుడు వాటిలో ఒకటి ఊడి, హీట్‌సింక్ ఒకవైపు లేచి ఉండటం మామూలే. నాలుగూ బిగువుగా ఉన్నాయా అని నొక్కి చూడండి. ఫ్యాన్ పీకితే ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్ట్ తుడిచి, కొత్తది పప్పుగింజంత పెట్టండి, చాలు.

ర్యామ్ గురించి మీకు తెలియనిదేమీ లేదు. తీసి, రబ్బరుతో బంగారు పళ్లు రుద్ది, పెట్టేస్తే బాగయ్యిందని మీలో చాలామంది రాశారు. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి ఆ వైద్యం నిజంగానే పనిచేస్తుంది. మెత్తటి తెల్ల రబ్బరు వాడండి, పొట్టు స్లాటులో పడనివ్వకండి. ర్యామ్ ముట్టుకునే ముందు, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయేలా క్యాబినెట్ ఇనుమును చేత్తో ఒకసారి తాకండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి నడపండి, ఏది దోషో తేలిపోతుంది. విండోస్‌లోనే 'మెమరీ డయాగ్నస్టిక్' ఉంది, రాత్రి పెట్టి పడుకోండి.

డ్రైవర్ల గురించి పెద్దగా చెప్పను. 41లో 209 లాంటి కోడ్ కనిపించిందంటే ఆ వారంలో కొత్తగా ఏం వేశారో గుర్తు తెచ్చుకుని తీసేయండి. గుర్తు రాకపోతే 'రిలయబిలిటీ హిస్టరీ' తెరవండి, తేదీలవారీగా అదే చూపిస్తుంది. విండోస్ తెరుచుకునేలోపే పోతుంటే, వరసగా రెండు మూడుసార్లు అలా జరిగాక రికవరీ తెర దానంతటదే వస్తుంది. అక్కడ 'స్టార్టప్ సెట్టింగ్స్' నుంచి సేఫ్ మోడ్‌లోకి వెళ్లొచ్చు. 2024 జులై 19న ప్రపంచమంతా ఇదే పని చేసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు లేవడం, పడటం మొదలెట్టాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలు చెరిపేస్తే చాలు, సిస్టమ్ లేచి కూర్చుంది. అది పెద్ద సంస్థలు కొనుక్కునే సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇళ్లలోవి క్షేమంగా ఉన్నాయి. ఆరోజు చాలామందికి ఫార్మాట్ కొట్టాల్సిన అవసరం రాలేదని గమనించండి.

వైరస్సా అని అడిగేవాళ్లకు: ఒకప్పుడు అవును. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ వచ్చినప్పుడు విండోస్ ఎక్స్‌పీ తెర మీద చిన్న పెట్టె లేచి, అరవై సెకన్ల నుంచి అంకెలు తగ్గుతూ వచ్చి సిస్టమ్ రీస్టార్ట్ అయ్యేది. నెట్ కనెక్ట్ చేయడం, పెట్టె రావడం. దాని మందు మైక్రోసాఫ్ట్ జులైలోనే ఇచ్చింది, వేసుకున్నవాళ్లే తక్కువ. మరుసటేడు శాసర్ వచ్చి అదే ఆట ఆడింది, దాన్ని రాసింది జర్మనీలో ఒక కుర్రాడు. ఇప్పటి వైరస్‌లకు మీ సిస్టమ్ ఆగడం ఇష్టం ఉండదు. అది నడుస్తుంటేనే వాటిని రాసినవాళ్లకు డబ్బు. మీకు తెలియకుండా క్రిప్టో కరెన్సీ తవ్వే రకం ఒకటి ఉంది, అది ప్రాసెసర్‌ను రాత్రింబవళ్లు ఉడికించి వేడికి పడగొట్టొచ్చు. ఏ పనీ చేయకపోయినా ఫ్యాన్ హోరుమంటోందంటే స్కాన్ చేయండి.

షాపుకు తీసుకెళ్లేముందు రెండు పనులు. ఒకటి, ఫొటోలు, కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్‌డిస్కులోకో ఎక్కించుకోండి. పడిలేచే సిస్టమ్ ఎప్పుడు లేవకుండా పోతుందో చెప్పలేం. రెండు, ఒక కాగితం మీద పోయిన తేదీ, టైము, అప్పుడు ఇంట్లో ఏం నడుస్తోంది, 41లో కోడ్ ఎంత, ఆరిపోయి ఉండిపోయిందా లేక తిరిగి లేచిందా, ఇవి రాయండి. కాగితం చేతికిచ్చి, "బాబూ, వేరే ఎస్ఎంపీఎస్ ఒకటి పెట్టి గంటసేపు నడిపి చూడు" అనండి. మంచి మెకానిక్ అయితే సంతోషిస్తాడు. కాగితం చూడకుండానే ఫార్మాట్ అన్నాడంటే సిస్టమ్ వెనక్కి తెచ్చేసుకోండి. నాకు రాసేటప్పుడు కూడా ఆ కాగితంలోవే రాయండి. "అప్పుడప్పుడూ ఆగిపోతోంది" అని మాత్రం రాస్తే నేనేం చెప్పగలను చెప్పండి?

ఉంటాను.

మీ
కంప్యూటర్ పేజీ మిత్రుడు

తా.క.: లాప్‌టాప్‌లవాళ్లు అలిగినట్టున్నారు. మీ గొడవ వేరు. బ్యాటరీ విడిగా ఊడొచ్చే పాత మోడల్ అయితే అది తీసి, చార్జర్ మీద నడిపి చూడండి. తర్వాత చార్జర్ తీసి, బ్యాటరీ మీద చూడండి. ఏది ఉన్నప్పుడు పడుతోందో అదే దోషి. పరుపు మీద పెట్టి వాడకండి, కిందనుంచి గాలి ఆడదు. టచ్‌ప్యాడ్ ఒకవైపు పైకి లేచినట్టున్నా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. వెంటనే చార్జర్ పీకేసి, ఆఫ్ చేసి, నేరుగా సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్లండి. ఆ బ్యాటరీని మీరు గుచ్చొద్దు, వంచొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు.